పడవలో చివర సీటు

ఫిబ్రవరి 3

ఒరేయ్ బంగారు తమ్ముడూ,

నువ్వు క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. అనుకోక చేసేదేముంది, నువ్వు రాసి చస్తేగా. కిందటి ఉత్తరానికి ఇంతవరకూ జవాబు లేదు. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే మూడో మాటకే ఎవరో ఒకరం ఠక్కున పెట్టేస్తామని, "మీ పోట్లాటలేవో కాగితం మీద పెట్టుకోండి, ఇరుగుపొరుగు నిద్రపోతారు" అని అమ్మ రూలు పెట్టింది. అమ్మ పోయినా రూలు పోలేదు. నేను పాటిస్తున్నాను. నువ్వూ పాటిస్తున్నావు, కాకపోతే రాయకుండా.

సరే, విషయానికొస్తాను. దగ్గర్లో కుర్చీ ఉంటే కూర్చో. నాకు సంబంధం కుదిరేలా ఉంది. అవును, నాకే. నలభై మూడేళ్ళకి. నవ్వడం అయ్యాక మిగతాది చదువు.

పెళ్ళికొడుకు మా బిల్డింగులో లిఫ్టు చూసే మెకానిక్కు. నాకు లిఫ్టు పడదని నీకు తెలుసు. ఎత్తంటే భయం లేదు. ఆరో అంతస్తులో మా పళ్ళ ల్యాబు కిటికీకి మోచేతులు ఆనించి, కింద పోయే బస్సుల నెత్తులు చూస్తూ టీ తాగుతాను. వేగమన్నా భయం లేదు. లిఫ్టు కిందికి బయల్దేరగానే నేను దిగిపోతుంటే నా కడుపు మాత్రం పైనే ఆగి "మీరు పదండి, నేను వెనకాల వస్తా" అంటుంది చూడు, అదొక్కటే నా వల్ల కాదు. అందుకే ఈ ల్యాబులో చేరిన దగ్గర్నుంచీ మెట్లే. లిఫ్టు పాడైన రోజు ఆయనా పనిముట్ల సంచీ మోసుకుంటూ మెట్లెక్కాలి కదా. నాలుగో అంతస్తు మలుపులో ఆగి, "లిఫ్టు ఆగితే అందరూ నన్ను తిట్టుకుంటూ ఎక్కుతారు. మీరొక్కరే మామూలుగా ఎక్కుతున్నారేమండీ?" అన్నాడు. చెప్పాను. నవ్వలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ సంగతి విని నవ్వని మగాడు ఆయనొక్కడే. నువ్వైతే ఇప్పటికీ నవ్వుతావు.

భార్య పోయి నాలుగేళ్ళయింది. పదకొండేళ్ళ కూతురుంది. "నాకు సరేనండి. కానీ అది కూడా సరే అనాలి" అన్నాడు. న్యాయమే. ఆ పిల్లని చూడ్డానికి వెళ్ళాను. నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీరు కూడా వస్తానంటారు. తీరా వచ్చాక బెంచీ మీద కూర్చుని సంచీలు పట్టుకుంటారు. మా అత్తలిద్దరూ అంతే" అంది. ఎక్కడికే తల్లీ అంటే, నువ్వు పనిచేసే ఆటల పార్కుకే! మూడు ఆటలు ఎక్కాలట. తన పక్కనే కూర్చోవాలట. ఏవి ఎక్కాలో నేనే ఎంచుకోవాలట. బొమ్మ గుర్రాలు ఎంచుకుంటే లెక్కలోకి రావట. పిల్ల కాదురా, పరీక్షాధికారి.

"ఓస్, అంతేనా?" అన్నాను. ఈ నోటిని ఏ పిండితో మూయాలో పళ్ళ సెట్లు చేసే దాన్ని నాకే తెలియడం లేదు.

ఆరేళ్ళుగా అక్కడ ఉద్యోగం వెలగబెడుతున్నావు కదా. కడుపులో జారని ఆటలు మూడంటే మూడు చెప్పు. ఎగతాళి తర్వాత చేద్దువుగాని. నాకీ పెళ్ళి కావాలిరా. ఇది మాత్రం వెటకారం కాదు.

ఇట్లు,
ఆరంతస్తులూ కాలినడకన ఎక్కే నీ అక్క


ఫిబ్రవరి 9

పెళ్ళికూతురు అక్కకి,

నమస్కారాలు, శుభాకాంక్షలు, ఆశ్చర్యార్థకాలు. లిఫ్టెక్కని మనిషికి లిఫ్టాయన దొరికాడా! ఈత రానివాడికి పడవ కట్నం ఇచ్చినట్టుంది. బావగారికి నా నమస్కారం చెప్పు. ఆయన నవ్వలేదంటే మంచివాడైనా అయ్యుండాలి, వినపడకైనా ఉండాలి. ఒకసారి కనుక్కో.

నీ ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకంటే తగినవాడు ఈ పార్కులో లేడు. ఇక్కడ మాకో పద్ధతి ఉంది. పొద్దున్నే గేట్లు తెరవకముందు ఒక్కో ఆట కింద కట్టిన వలలో, గడ్డిలో ముందురోజు పడ్డవన్నీ బుట్టల్లోకి ఏరుతాం. ఏ ఆట ఎంత గట్టిదో బయట బోర్డు చూసి కాదు, బుట్ట చూసి చెబుతాం. బోర్డు అబద్ధమాడొచ్చు, బుట్ట ఆడదు.

మెలికపాము అని ఒకటుంది, పట్టాల మీద గింగిరాలు కొట్టి మనిషిని తలకిందులు చేస్తుంది. దాని కింద రోజూ బుట్ట నిండుతుంది. తాళాలు, కళ్ళజోళ్ళు, ఒకసారి విగ్గు. పోయినవారం ఒక పళ్ళ సెట్టు దొరికింది. లోపలివైపు నువ్వు పెట్టే నీలం చుక్క ఉంది, గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. ఆ పెద్దాయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చి తీసుకెళ్ళాడు. ఒక్క పన్ను కూడా చెక్కుచెదరలేదు, నీ పనితనం అలాంటిది. గాలి కుర్చీలని ఇంకోటి, గొలుసులకి వేలాడదీసి గుండ్రంగా తిప్పుతారు, దాని కింద చెప్పుల వర్షం. ఈ రెండింటి వైపూ కన్నెత్తి చూడకు. నూతిబొక్కెన అనేది పేరు వింటేనే తెలుస్తుంది, పైకి లాగి వదిలేస్తారు. దాని నీడలో కూడా నడవకు.

ఇక నీకు తగినవి. మొదటిది నేను నడిపే ఊగే పడవ. దాని కింద నెలకో చెప్పు దొరికితే గొప్ప. పరిగెత్తదు, తలకిందులు కాదు, పట్టాలు లేవు. పెద్దవాళ్ళ ఉయ్యాల అనుకో. చివర సీటు తీసుకో, గాలి బాగా తగులుతుంది. రెండోది నీళ్ళలో జారే దుంగ. దాని కింద ఇంతవరకూ ఒక్క వస్తువు కూడా దొరకలేదు. మూడోది జెయింట్ వీల్. పాపాయిలు దాంట్లో నిద్రపోతారు.

దిగులు పడకు. మీట పట్టుకుని నేనుంటాను కదా.

ఇట్లు,
నీ పెళ్ళికి సూటు కుట్టించుకోబోతున్న తమ్ముడు


ఫిబ్రవరి 15

తమ్ముడూ,

ఇంత తొందరగా జవాబు రాశావంటే పార్కు మూసేశారేమో అనుకున్నాను.

నీ బుట్టల శాస్త్రం చదివాను. ఒక చిన్న సందేహం. పడవ కింద చెప్పులు పడకపోవడం ఆట మెత్తనిదనా, లేక జనం ప్రాణాలతో పాటు చెప్పులు కూడా గట్టిగా బిగబట్టుకుంటారనా? నీళ్ళ దుంగ కింద ఏమీ దొరకలేదంటావు, నీళ్ళలో పడ్డవి కొట్టుకుపోవూ? అయినా రోజూ అక్కడే ఉండేవాడివి, ఎక్కి చూసే చెబుతున్నావనుకుంటాను. నీ మాట నమ్మి పడవకే సిద్ధపడుతున్నాను. వచ్చే ఆదివారం ముగ్గురం వస్తున్నాం.

ఇక ఆయనగారి పనితనం గురించి చెప్పాలి. నీతో కాక ఎవరితో చెప్పుకోను? మనిషి బంగారం, పని మాత్రం ఇత్తడి. వారం వారం వచ్చి లిఫ్టు పైకప్పు తెరిచి ఏదో చేస్తాడు. ఆయన వెళ్ళాక అది ఇంకాస్త నెమ్మదిస్తుంది. మూడో అంతస్తు వకీలు నిన్న మెట్ల మీద నన్నాపి, "పైన ఎక్కి బటన్ నొక్కితే, కిందికి చేరేలోపు నా క్లయింట్లు రాజీ పడిపోతున్నారమ్మా. నా పొట్ట కొడుతున్నాడు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. పెళ్ళయ్యాక ఇంట్లో ఫ్యాను కూడా ఆయన చేత ముట్టించను.

పరీక్షాధికారి నిన్న మళ్ళీ కనిపించింది. "ఎంచుకున్నారా?" అంది. "ఊగే పడవ" అన్నాను. కనుబొమలు పైకి లేపి, "నిజంగా?" అంది. అది మెచ్చుకోలో జాలో అర్థం కాలేదు.

ఇట్లు,
నీ మాట మీద ప్రాణం పెట్టిన అక్క


ఫిబ్రవరి 23

అక్కా! అక్కా! అక్కా!

నిన్న నిన్ను చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. లిఫ్టెక్కని మా అక్కేనా అని! పడవ రెండో ఊపుకే రెండు చేతులూ గాల్లోకి లేపావు చూడు, పక్కన టికెట్లు చించే అమ్మాయికి చూపించి "అదిగో, మా అక్క" అన్నాను. భయపడ్డవాళ్ళు చేతులు నెత్తి మీద అడ్డంగా పెడితే ఆపెయ్యాలని మా రూలు. నువ్వేమో ఊపుతూనే ఉన్నావు, ఇంకా ఇంకా అన్నట్టు. సొంత అక్క అడిగాక కాదంటానా? మామూలుగా ఇచ్చేదానికి ఇంకో సగం కలిపి ఊపాను. సూపర్‌వైజరు అటు తిరిగి ఉన్నాడులే.

నీ గొంతు ఇంత పెద్దదని నాకిప్పుడే తెలిసింది. గేటు దగ్గరివాళ్ళు కూడా విన్నారు. "వెధవా" అన్నది నన్నే అని నాకు మాత్రమే తెలుసు. ఆ ప్రేమకి పొంగిపోయాను.

దిగాక నాతో మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మిగతా రెండూ ఎక్కాలన్న తొందర అనుకుంటాను. నాకు షిఫ్టు మధ్యలో కదలడానికి లేదు. పిల్ల ఏమంది? నూటికి నూరేనా? సూటుకి కొలతలిచ్చి వచ్చాను. బూడిద రంగు.

ఇట్లు,
పెళ్ళికూతురి తమ్ముడు, పడవ కెప్టెను


ఫిబ్రవరి 27

ఒరేయ్ కెప్టెనూ,

నీ ఉత్తరం చదివి ల్యాబులో నా ముందున్న మైనం అచ్చుని పిడికిట్లో నలిపేశాను. పాపం, ఎవరిదో కింది దవడ.

చేతులు ఊపానా? ఆపరా అని మొత్తుకున్నాను! "వెధవా, ఆపు" అన్నాను. నీకు వెధవా వినిపించింది, ఆపు వినిపించలేదు. నెత్తి మీద అడ్డంగా పెట్టాలని నీ రూలు నాకెవడు చెప్పాడు? పోనీ చెప్పినా, తమ కడుపుని వెతుక్కునే పనిలో ఉన్నవాళ్ళకి ముద్రలు గుర్తుంటాయా? నువ్వు ప్రేమతో ఇచ్చిన ఆ పై ఊపులు నేను చచ్చేదాకా మర్చిపోను. చచ్చాక కూడా వచ్చి గుర్తు చేస్తాను.

ఉయ్యాల అట, పెద్దవాళ్ళ ఉయ్యాల! పైకి పోయిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతుంది చూడు, అక్కడ నా కింద సీటు లేదు, నా లోపల నేను లేను. మళ్ళీ కిందికి. మళ్ళీ వెనక్కి. లిఫ్టు ఒకసారి జారుతుంది, నీ పడవ జారడమే పనిగా పెట్టుకుంది. మధ్యలో కూర్చున్న ముసలాయన మాత్రం హాయిగా పల్లీలు తింటున్నాడు. చివర సీటు తీసుకోమన్నావు కదరా, గాలి తగులుతుందని!

మిగతా రెండు ఆటల తొందర కాదు నాయనా. దిగగానే రెండడుగులు వేసి, ఎదురుగా కనిపించిన దాంట్లో కక్కుకున్నాను. అది పరీక్షాధికారి టోపీ. ఆయన బెంచీ మీద మా సంచీలన్నీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు, చేతిరుమాలు ఇచ్చాడు. తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయన ఎలాగూ మాట్లాడడు. ఈ వారం లిఫ్టు చూడ్డానికి ఆయన రాలేదు, ఇంకెవరో వచ్చారు. నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో తెలుసు కనుక.

ఒక్కటి నిజం చెప్పు. ఎన్నో ఏళ్ళ నుంచి నీ చొక్కాల బొత్తాలు నేను కుడుతున్నాను, సెలవులకి వస్తే మంచం వేసి పెడుతున్నాను. నేను ఇంకో ఇంటికి పోతే అవన్నీ పోతాయని చేశావా? అలా అయితే సంతోషించు. బొత్తాలు భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
(ఎవరో నీకు తెలుసు)


మార్చి 3

అక్కగారికి,

అవునండీ, పట్టుబడిపోయాను. ఆరేళ్ళ క్రితం ఈ పార్కులో చేరిందే నీ పెళ్ళి చెడగొట్టడానికి. నా చొక్కా బొత్తాల కోసం ఒక పడవ కట్టించి, చివర సీటు పెట్టించి, నువ్వొచ్చేదాకా కాచుకుని కూర్చున్నాను.

ఇంత మాట ఎలా అనగలిగావక్కా? తిట్టు, పడతాను. చిన్నప్పట్నుంచీ పడుతూనే ఉన్నాను. కానీ నీ పెళ్ళి నాకు ఇష్టం లేదన్నావు చూడు, అది మాత్రం మింగుడు పడలేదు. ఆ సూటు చూసుకుంటే ఏడుపొస్తోంది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను. బ్యాంకు ఆయన సంబంధం చెవుల మీద వెంట్రుకలున్నాయని వదిలేశావు. మాస్టారి సంబంధం నవ్వితే పై పళ్ళు కింది పళ్ళని కలవడం లేదని వదిలేశావు. పెళ్ళిచూపులకొచ్చినవాణ్ణి ఎవరైనా నోరు తెరిపించి చూస్తారా? ఈసారి ఆయనకి చెవులూ బాగున్నాయి, పళ్ళూ బాగున్నాయి. సాకు దొరక్క నా పడవ మీద పడ్డావేమో. ఆయన రాలేదని నాకు రాసే బదులు, ఎందుకు రాలేదని ఆయన్నే అడగొచ్చు కదా? అడగవు. నీకు భయం. పడవంటే కాదు.

బొత్తాలు కుట్టడం నేర్చుకుంటున్నాను. వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. ఆనందించు.

ఇట్లు,
నీ పెళ్ళికి శత్రువు


మార్చి 9

తమ్ముడూ,

ఆ బ్యాంకాయన చెవుల మీదున్నవి వెంట్రుకలు కాదు, అడవి. ఆ సంగతి అక్కడికి వదిలెయ్యి.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చింపబోయాను. రెండోసారి తిట్టుకున్నాను. మూడోసారి, చివర్లో ఒక మాట రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. అడగడానికి భయమే. మెట్ల మీద ఎదురైతే ఎలా మాట్లాడాలో అని నాలుగు రోజులు టీకి కూడా కిందికి దిగలేదు. బొత్తాల మాట అనకుండా ఉండాల్సింది. అన్నాను కాబట్టి ఇంక చేసేదేం లేదు, నువ్వే మర్చిపో.

ఇప్పుడు విను. నిన్న సాయంత్రం పైవరస పళ్ళకి మెరుగు పెడుతున్నాను. తలుపు దగ్గర ఎవరో రొప్పుతున్నారు. చూస్తే పరీక్షాధికారి! స్కూలు బ్యాగుతో, చెమటలు కక్కుతూ, ఆరంతస్తులూ మెట్లెక్కి వచ్చింది.

"లిఫ్టుంది కదమ్మా?" అన్నాను.

"మీరు రోజూ ఇలాగే ఎక్కుతారని నాన్న చెప్పాడు. ఎలా ఉంటుందో చూద్దామని" అంది.

మంచినీళ్ళిచ్చాను. బల్ల మీద వరసగా పెట్టిన దవడల్ని కాసేపు చూసింది. భయపడలేదు. ఒకదాన్ని తీసి టపటపలాడించింది. తర్వాత, "మిగతా రెండూ ఎప్పుడు?" అంది.

"ఏ రెండు?"

"మూడు ఆటలు కదా. ఒక్కటేగా అయింది."

"నేను తప్పలేదా?" అన్నాను.

"తప్పడం ఏంటి? ఎక్కారుగా. మా అత్తలు ఎక్కనేలేదు" అంది, ఇంత పెద్దదానివి ఇదీ తెలీదా అన్నట్టు. "కానీ నాకు కొత్త టోపీ కొనాలి."

ఆ పిల్ల వెళ్ళాక పళ్ళకి మెరుగు పెట్టలేకపోయాను. కళ్ళు సరిగా కనిపించలేదు. పొడి పడిందిలే.

కాబట్టి సిగ్గు విడిచి మళ్ళీ అడుగుతున్నాను. ఇంకా రెండు కావాలి. ఈసారి బుట్టలు తిరగెయ్యకు. సూటిగా ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. నువ్వెప్పుడైనా ఆ పడవ ఎక్కావా? ఎక్కితే ఏ సీట్లో?

ఇట్లు,
నీ అక్క (ఎవరో ఇప్పుడు రాయొచ్చు)


మార్చి 14

అక్కా,

ఎక్కలేదు.

ఆరేళ్ళుగా రోజూ ఊపుతున్నాను గానీ, ఒక్కసారి కూడా ఎక్కలేదు. మాలో ఎవరూ ఎక్కరు. మిఠాయి కొట్టువాడు మిఠాయి తినడు కదా అనుకునేవాణ్ణి. నీ ప్రశ్న చదివాక, సెలవు రోజున టికెట్టు కొనుక్కుని గేట్లోంచి లోపలికొచ్చాను. గేటు దగ్గర మావాళ్ళు "ఏంటి, ఉద్యోగం పోయిందా?" అన్నారు.

ముందు పడవ, చివర సీటు. ఏం చెప్పమంటావు? రెండో ఊపుకి నేను కూడా "వెధవా" అన్నాను, మీట దగ్గరున్నవాణ్ణి. వాడు చెయ్యి ఊపి ఇంకాస్త ఎక్కువిచ్చాడు, నేనే నేర్పాను వాడికి. దిగాక చెట్టు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. నిన్ను చూసి నవ్విన ప్రతి నవ్వూ ఆ చెట్టు కింద కక్కేశాను. మళ్ళీ మొండికేసి మధ్య సీట్లో ఎక్కాను. అక్కడ నిజంగానే పల్లీలు తినొచ్చు. దుంగ ముందు ముద్దుగా తేలుతుంది, చివర్లో గోడ మీంచి తోసేసినట్టు తోస్తుంది, దాని మొహం చూడకు. జెయింట్ వీల్ కూడా పైనుంచి దిగేటప్పుడు జారేస్తుంది, ఆ పాపాయిలు ఎలా నిద్రపోతారో! నూతిబొక్కెన గురించి రాయను. దాంట్లో అమ్మ గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు వింత. గాలి కుర్చీలు ఎక్కాను. కాళ్ళు వేలాడతాయి, చెప్పులు జారతాయి, కడుపు మాత్రం జారదు! పక్కకి లాగుతుంది, అంతే. చెప్పులు విప్పి ఎక్కు. ఆ తర్వాత మెలికపాము. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఎక్కాను. అది కొండెక్కి దూకే రకం కాదు, నేల మీది నుంచే వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు తోస్తుంది. తలకిందులైనప్పుడు కూడా మనిషిని సీటుకేసి అదిమేస్తుంది. కడుపుని లోపల పెట్టి తాళం వేసినట్టుంటుందక్కా! జేబులో తాళాలు పోయాయి, కడుపు పోలేదు. వెర్రి వెధవని, ఇన్నాళ్ళూ జేబుల లెక్క కట్టి నీకు కడుపు లెక్క చెప్పాను.

కాబట్టి ఈసారి ఎంచుకోవాల్సినవి: గాలి కుర్చీలు, మెలికపాము. ఎత్తూ వేగమూ నీకు భయం లేదని నువ్వే రాశావు. మొదటి ఉత్తరంలోనే రాశావు. చదవడమూ చదివాను.

ఇట్లు,
పార్కులో టికెట్టు కొన్న ఏకైక ఉద్యోగి


మార్చి 24

తమ్ముడూ,

నీ సెలవు రోజున రావాలో, షిఫ్టు రోజున రావాలో నువ్వు రాయలేదు, అందుకని చెప్పకుండా నీ పడవకి దూరం నుంచే వచ్చి వెళ్ళిపోయాం. కోపగించుకోకు. దాన్ని చూస్తే ఇప్పటికీ నోట్లో నీళ్ళూరతాయి, తినడానికి కాదు.

గాలి కుర్చీలు ఎక్కాం. చెప్పులు విప్పి ఆయన చేతికిచ్చాం. ఒరేయ్, ఎంత బాగుందిరా! పక్క కుర్చీలోంచి పిల్ల చెయ్యి చాపితే పట్టుకుందామని ఒక రౌండంతా ప్రయత్నించాం, అందలేదు. నవ్వీ నవ్వీ పొట్ట పట్టుకున్నాను. పొట్ట ఉన్న చోటే ఉంది.

తర్వాత మెలికపాము. వరసలో నేను ముందు, పిల్ల వెనక. మా వంతు దగ్గరపడేసరికి వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే తల పైకెత్తి ఆ గింగిరాన్నే చూస్తోంది, మొహంలో రక్తం లేదు. కిందటేడు దాకా ఎత్తు చాల్లేదని ఎక్కనివ్వలేదట. ఈ ఏడు ఎత్తు సరిపోయింది, ధైర్యం సరిపోలేదు. నాకు నోటిదాకా వచ్చింది, "ఏం పరీక్షాధికారి గారూ?" అందామని. ఆ మొహం చూసి మింగేశాను. "వెనక్కి పోదాం పద, ఇంకోటి ఎంచుకుంటాను" అన్నాను.

"వద్దు. నువ్వెళ్ళు. నేను సంచీ పట్టుకుంటా" అంది.

అప్పటిదాకా మీరు, మీరు అనేది. నువ్వెళ్ళు అంది! నా భుజం మీది సంచీ తీసుకుని, వెళ్ళి బెంచీ మీద వాళ్ళ నాన్న పక్కన కూర్చుంది. నేను ఎవరో కాలేజీ కుర్రాళ్ళ మధ్య కూర్చుని తలకిందులై వచ్చాను. నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, కడుపుకి తాళం వేసినట్టే. నలభై మూడేళ్ళకి మొదటిసారి నువ్వు చెప్పింది నిజమైంది, కాస్త స్వీటు తిను.

దిగి వచ్చి, "మూడూ అయిపోయాయి" అన్నాను.

"అది లెక్కలోకి రాదు. నేను పక్కన లేను" అంది. ఎంత దయలేని పరీక్షాధికారో చూడు.

ఆయన టీ తేవడానికి వెళ్ళాడు. అప్పుడు పిల్ల చెప్పింది. "నాన్నని కంపెనీవాళ్ళు చీవాట్లు పెట్టారు తెలుసా? మీ బిల్డింగు నుంచి తీసేశారు కూడా, రెండు వారాలు."

"ఎందుకు?"

"లిఫ్టు నెమ్మదిగా చేస్తున్నాడని అందరూ కంప్లెయింట్ పెట్టారట. కిందికి బయల్దేరేటప్పుడు ఊపు తెలియకూడదని వారం వారం కొంచెం కొంచెం తగ్గించాడు. నువ్వు ఎప్పుడైనా ఎక్కుతావేమోనని. తిరిగొచ్చాక మళ్ళీ అలాగే చేశాడు."

ఇత్తడి పనితనం అని నీకు రాశాను గుర్తుందా? ఆ కాగితం ఉంటే చింపెయ్యి. నేను ఎక్కనే ఎక్కని లిఫ్టుని, ఊరందరి చేతా తిట్లు తింటూ, నా కోసం దిద్దుతూ కూర్చున్నాడు ఆ మనిషి. ఒక్క మాట చెప్పలేదు. ఆయన టీ పట్టుకుని వస్తుంటే మొహం చూడలేక సంచీలో ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

"మూడోది ఎంచుకున్నాను" అన్నాను పిల్లతో.

మర్నాడు సాయంత్రం ఆరో అంతస్తుకి ఇద్దరూ వచ్చారు. ల్యాబుకి తాళం వేసి, మెట్ల వైపు తిరగబోయిన కాళ్ళని బలవంతాన లిఫ్టు ముందు నిలబెట్టాను. ఆయన తలుపు తీసి పట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. చెవుల మీద ఒక్క వెంట్రుక లేదు, నీ కోసం చూశాను. లోపల గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. పిల్ల నా చెయ్యి పట్టుకుంది. బటన్ నొక్కిన చప్పుడు వినిపించింది. ఊపిరి బిగబట్టి నా కడుపు "మీరు పదండి" అనేదాకా చూస్తూ ఉన్నాను. ఎంతకీ అనదే!

"ఇంకా బయల్దేరలేదా?" అన్నాను.

"దిగిపోయాం" అంది పిల్ల.

కళ్ళు తెరిస్తే ఎదురుగా వీధి. మూడో అంతస్తు వకీలు బయట నిలబడి, ఇంతసేపా అని గడియారం చూపిస్తున్నాడు. ఇక నుంచి లిఫ్టు మీద ఎవరు కంప్లెయింట్ పెట్టినా ముందు నాతో మాట్లాడాలని ఆయనకి చెప్పాను. ఆయన క్లయింట్ల పళ్ళు కూడా నా చేతుల్లోనే ఉన్నాయని గుర్తు చేశాను.

వచ్చే నెలలో రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. ఆఫీసు నేల మీదే, మెట్లూ లేవు, లిఫ్టూ లేదు. బూడిద రంగు సూటు వేసుకుని రా. బొత్తాలు ఊడితే తీసుకురా, కుడతాను. ఇంకో ఇంటికి వెళ్తున్నాను గానీ సూది వదిలెయ్యడం లేదు. మంచం కూడా ఉంటుంది.

కింద ఇంకొకళ్ళు ఏదో రాస్తామంటున్నారు. నన్ను చదవనివ్వడం లేదు.

ఇట్లు,
లిఫ్టు దిగిన నీ అక్క


మామయ్యా,

పెళ్ళికి తప్పకుండా రండి. మీ పడవలో ఆ రోజు నాకూ కడుపులో జారింది. అక్కడ అందరికంటే గట్టిగా అరుస్తున్నది పక్క సీట్లోనే ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. మీరు కూడా చెప్పకండి. సెలవుల్లో మేం మళ్ళీ వస్తాం, ఈసారి పాము ఎక్కుతాను, తను పక్కన కూర్చుంటానంది. నాన్న కూడా ఎక్కుతాడట. కాబట్టి ఆ రోజు మీరు సెలవు పెట్టండి. బెంచీ మీద సంచీలు పట్టుకోవడానికి మనిషి కావాలి.